పిచ్చిగీతలు గీస్తున్నారా? కాస్త ఖాళీ వదలండి!

ఆ రోజు ఓ.పి. రద్దీగా వుంది. పదిహేడేళ్ళ అమ్మాయిని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు లోపలికి వచ్చారు. అమ్మాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతోంది. తండ్రి సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి నా బల్లమీద పెట్టాడు.

"చూడండి డాక్టరుగారూ! ఇది ఫిజిక్సు నోట్సు. ఒక్క పేజీలో ఖాళీ లేదు. అన్నీ పిచ్చిగీతలే! మా పిల్లకేమైనా..." అంటూ ఆగిపోయాడు. మిగతా మాట ఆయన నోటివెంట రాలేదు. తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

నేను పేజీలు తిప్పి చూశాను. పిల్లకు చక్కటి చెయ్యి వుంది. మార్జిన్లో తీగలు, చాప అల్లికలు, చేప పొలుసులు, వలలు. వాక్యానికీ వాక్యానికీ మధ్య కూడా సన్నటి చారలు. సూది మోపే సందు లేకుండా నింపేసింది.

"ఇవి ఎప్పుడు గీస్తావు తల్లీ?" అని అడిగాను.

"క్లాసులో సార్. రాత్రి చదువుకునేటప్పుడు కూడా. గీస్తూ వుంటే పాఠం బుర్రకెక్కుతుంది."

"తలనొప్పి వస్తూ వుంటుందా?"

ఆ అమ్మాయి ఒకసారి తండ్రివైపు చూసి, తల వంచుకుంది. "వస్తుంది సార్. ఒకపక్కే. అప్పుడు వెలుతురు చూడలేను. ఒక్కోసారి వాంతి అవుతుంది."

"మాకెప్పుడూ చెప్పలేదేమే!" అంది తల్లి ఆశ్చర్యంగా.

"చెప్తే ఆ పుస్తకాలు లాగేసుకుంటారని..."

చూశారా! తల్లిదండ్రులు భయపడిన జబ్బు ఒకటి, పిల్లకున్న జబ్బు వేరొకటి. ఆ అమ్మాయికి పిచ్చి లేదు. వున్నది పార్శ్వపు నొప్పి. దానికి మందు రాసిచ్చాను. వేళకు తినమనీ, నిద్ర చెడగొట్టుకోవద్దనీ చెప్పాను. దానితోపాటు మరొక సలహా కూడా ఇచ్చాను. "గీతలు మానక్కరలేదమ్మా. కాని ఖాళీ వదలడం నేర్చుకో!"

ఆ సలహా ఎందుకిచ్చానో ఈ వారం మీకు చెబుతాను. ఫోను మాట్లాడుతూనో, మీటింగులో కూర్చునో, కిరాణా చీటీ వెనకో గీతలు గీసే అలవాటు మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరికి వుండే వుంటుంది.

పిచ్చిగీతలు పిచ్చి కాదు

ముందుగా ఈ పేరు సంగతి చూద్దాం. పనిలేని చెయ్యి కాగితంమీద గీసేవాటిని మనం పిచ్చిగీతలు అంటాం. ఆ పేరే చాలా ఇళ్ళలో పిల్లలకు తిట్లు తెచ్చిపెడుతోంది. నిజానికి వాటికీ మతి చలించడానికీ సంబంధం లేదు.

2009లో ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు జాకీ ఆండ్రేడ్ ఒక చిన్న పరిశోధన ప్రచురించారు. 40 మందికి రెండున్నర నిమిషాలపాటు విసుగు పుట్టించే టెలిఫోను సందేశం ఒకటి వినిపించారు. సగం మందిని వింటూ కాగితంమీద అచ్చువేసిన చిన్న చిన్న ఆకారాలను పెన్సిలుతో నింపమన్నారు. మిగతావారిని ఊరికే వినమన్నారు. తర్వాత ఎవరెవరి పేర్లు, ఏయే ఊళ్ళ పేర్లు విన్నారో చెప్పమంటే, చేతికి పని వున్నవారు 29 శాతం ఎక్కువగా చెప్పగలిగారు. విసుగు పుట్టినప్పుడు మనసు పగటికలల్లోకి జారిపోతుంది. చేతికి చిన్న పని వుంటే అంతదూరం పోకుండా ఆగుతుందని ఆమె భావించారు.

అలాగని పాఠమంతా గీతల్లోనే గడపమని కాదు. ఆ పరిశోధనలో పాల్గొన్నవారు చేసినది బుర్ర పెట్టనక్కరలేని పని. బొమ్మమీదే ధ్యాస పడితే పాఠం పోతుంది. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

మన వాకిట్లో వున్న విద్యే

ఈ మధ్య పట్టణాల్లో నల్లపెన్నుతో తెల్లకాగితంమీద అల్లిక గీతలు వెయ్యడం సరదా అయింది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో రిక్ రాబర్ట్స్, మరియా థామస్ అనే ఇద్దరు మూడున్నర అంగుళాల చదరపు కాగితంమీద, రబ్బరు వాడకుండా, ఒకే గీతను తిరిగి తిరిగి గీసే పద్ధతిని ప్రచారం చేశారు. దాన్నే జెన్‌టాంగిల్ అంటారు. దాన్ని నేర్పే పుస్తకాలు మన బజార్లోకి కూడా వచ్చాయి.

వాటిని చూసి నోరు తెరవక్కరలేదు. మన అమ్మలూ అమ్మమ్మలూ తెల్లవారుజామున వాకిట్లో చేస్తున్నది దాదాపు ఇదే పని. ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వచ్చేదాకా. మొత్తం 37 చుక్కలు. వాటి చుట్టూ తిరిగే మెలిక. పిండి చేతిలో వుంది గదా అని ఏ ఇల్లాలూ వాకిలంతా పిండితో నింపదు. చుక్క చుట్టూ నేల కనబడాలి. మెలికకూ మెలికకూ మధ్య పేడకళ్ళాపి పచ్చగా కనబడాలి. అప్పుడే అది ముగ్గు. లేకపోతే పిండి ఒలికిన నేల!

అక్కడ నేల చేసే పని ఇక్కడ కాగితంమీద తెలుపు చేస్తుంది. మీరు గీసిన గీత ఎంత ముఖ్యమో, గీయకుండా వదిలిన జాగా అంతే ముఖ్యం. డెన్మార్కు దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఎడ్గార్ రూబిన్ 1915లో ప్రచురించిన ఒక బొమ్మ మీలో చాలామంది చూసే వుంటారు. మధ్యలో కూజా. అదే బొమ్మను మరోలా చూస్తే ఎదురెదురుగా రెండు ముఖాలు. కూజా కనబడుతున్నప్పుడు ముఖాలు ఖాళీ జాగా అయిపోతాయి. ముఖాలు కనబడుతున్నప్పుడు కూజా ఖాళీ అయిపోతుంది. ఏది వస్తువు, ఏది నేల అని మెదడు ప్రతిక్షణం తేల్చుకోవాలి. మీరు ఖాళీ వదలకపోతే మెదడుకు తేల్చుకునే ఆధారమే లేదు. అందుకే అంతా కిక్కిరిసిన బొమ్మను చూస్తే ఎక్కడ చూపు నిలపాలో తెలియక చిరాకు పుడుతుంది.

కంటికి ఖాళీ ఎందుకు?

కంటి వెనక రెటీనా అనే పలచటి తెర వుంటుంది. 1953లో స్టీఫెన్ కఫ్లర్ అనే శాస్త్రజ్ఞుడు పిల్లుల కళ్ళలో దానిని పరీక్షించి ఒక సంగతి కనిపెట్టారు. అక్కడి నాడీకణాలు వెలుతురు ఎంత వుందో చెప్పడంకన్న, వెలుతురుకూ చీకటికీ తేడా ఎక్కడ వుందో చెప్పడంలో ఎక్కువ ఉత్సాహం చూపిస్తాయి. ఆ తర్వాత డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజెల్ మెదడులో చూపుకు సంబంధించిన భాగాన్ని పరీక్షించి, అక్కడి కణాల్లో చాలా భాగం గీతలకూ అంచులకూ స్పందిస్తాయని నిరూపించారు. వారికి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది.

దీన్నిబట్టి తేలేదేమిటి? అంచు వున్నచోట మెదడుకు పని. తెల్లగా ఖాళీగా వున్నచోట విశ్రాంతి. కాగితంమీద వెయ్యి గీతలు దగ్గర దగ్గరగా గీస్తే, ఒకేసారి వేలాది కణాలకు పని పెట్టినట్టే.

అందులోనూ చారలు మరీ ఇబ్బంది. ఆర్నాల్డ్ విల్కిన్స్, ఆయన సహచరులు 1984లో ప్రచురించిన పరిశోధనలో, కొన్ని కొలతల్లో వున్న నలుపు తెలుపు చారలు చాలామందికి కంటి శ్రమ, తలనొప్పి, చారలు కదులుతున్నట్టు భ్రమ కలిగిస్తాయని చూపించారు. పార్శ్వపు నొప్పి వున్నవారికి ఈ బాధ ఇంకా ఎక్కువ. అన్నిటికన్న ఇబ్బంది పెట్టే కొలత ఏమిటో తెలుసా? కంటికి 40 సెంటీమీటర్ల దూరంలో కాగితం పెట్టుకుంటే, ఒక నల్లగీత, ఒక తెల్ల సందు కలిసి రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. అంటే మామూలు బాల్‌పెన్నుతో దగ్గరగా చారలు గీస్తే సరిగ్గా అంతే వస్తుంది! నేను ఆ అమ్మాయి నోటుపుస్తకంమీద స్కేలు పెట్టి చూశాను. రెండు మిల్లీమీటర్లు.

గీతలవల్లే ఆ పిల్లకు జబ్బు వచ్చిందని నేననడం లేదు. పార్శ్వపు నొప్పి చాలావరకు పుట్టుకతో వచ్చే తత్వం. కాని ఆ తత్వం వున్నవారికి నిద్ర తగ్గినా, భోజనం తప్పినా, ఇలాంటి చారలకేసి గంటలకొద్దీ చూసినా నొప్పి రేగవచ్చు. ఫ్లాష్ లైట్లకు, చారలకు ఫిట్స్ వచ్చే తత్వం వున్నవారు కూడా కొందరుంటారు. అలాంటివారు ఒత్తు చారల జోలికి పోకూడదు.

మరొక సంగతి. మామూలుగా మనం నిమిషానికి పదిహేనుసార్ల దాకా రెప్ప వేస్తాం. సన్నపని చేస్తున్నప్పుడు అది సగానికి తగ్గిపోతుంది. కళ్ళు పొడిబారి మండుతాయి. కాబట్టి 20 నిమిషాలకొకసారి తల ఎత్తి, 20 అడుగుల దూరంలో వున్న చెట్టునో గోడనో 20 సెకండ్లు చూడండి. కావాలని నాలుగైదుసార్లు రెప్పలు ఆర్పండి.

మనసుకు మేలు చేస్తుందా?

కొంతవరకు చేస్తుంది. కాని ఎంతవరకో తెలుసుకుని నమ్మాలి.

2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దవాళ్ళకు 45 నిమిషాలు తమకు నచ్చిన బొమ్మలు చేసుకునే అవకాశమిచ్చింది. ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసోల్ అనే హార్మోను పరీక్ష చేస్తే, దాదాపు నాలుగింట మూడు వంతుల మందిలో అది తగ్గింది. ఒత్తిడి వున్నప్పుడు పెరిగే హార్మోను అది. అయితే పోల్చిచూడడానికి ఊరికే కూర్చున్న బృందం ఆ పరిశోధనలో లేదు. కాబట్టి బొమ్మలవల్లే తగ్గిందా, 45 నిమిషాలు తీరిగ్గా కూర్చున్నందువల్ల తగ్గిందా అన్నది తేలలేదు.

2005లో కరీ, కాసర్ అనే ఇద్దరు పరిశోధకులు 84 మంది విద్యార్థులమీద చేసిన పరీక్ష మనకు మరీ పనికివస్తుంది. కొందరికి గుండ్రటి మండలం బొమ్మ, కొందరికి గళ్ళ బొమ్మ, కొందరికి ఉత్త తెల్లకాగితం ఇచ్చి 20 నిమిషాలు రంగులు వెయ్యమన్నారు. మండలం, గళ్ళు ఇచ్చినవారిలో ఆందోళన తగ్గింది. ఉత్త కాగితం ఇచ్చినవారిలో అంతగా తగ్గలేదు.

అంటే హద్దు లేని ఖాళీ కూడా మనసుకు సుఖం కాదన్నమాట! ఖాళీ కాగితం ముందు కూర్చుంటే "ఏం గియ్యాలి?" అన్న బెంగ. పూర్తిగా నిండిపోయిన కాగితం ముందు కూర్చుంటే చిరాకు. ముందొక హద్దు, హద్దులోపల కొంత అల్లిక, అల్లిక పక్కన కొంత ఖాళీ. మనసుకు హాయినిచ్చేది ఈ పొందిక. చుక్కల ముగ్గులో చుక్కలు చేసే పని ఇదే. చెయ్యి ఎక్కడికి పోవాలో అవే చెబుతాయి.

ఎలా గీయాలి?

ఖర్చులేని విద్య ఇది. అరచేతికి సరిపడే తెల్లకాగితం, పెన్సిలు, నల్లపెన్ను వుంటే చాలు. రూళ్ళ కాగితం వద్దు. రూళ్ళు కూడా చారలే!

మొదట కాగితం నాలుగు అంచులా వేలెడు జాగా వదిలి, పెన్సిలుతో పలచగా చట్రం గీయండి. వంకరగా వచ్చినా ఫరవాలేదు. ఆ వేలెడు జాగా చివరిదాకా ఖాళీగానే వుండాలి. పొలానికి గట్టులాంటిది అది.

చట్రం లోపల ఒక తీగను అటూ ఇటూ తిప్పండి. నాలుగైదు గదులు ఏర్పడతాయి. ఇప్పుడు పెన్ను పట్టకముందే ఒకటి రెండు గదులు ఎంచుకుని, వాటిలో పెన్సిలుతో చిన్న సున్న పెట్టండి. అవి ఖాళీ గదులు. చివరిదాకా వాటి జోలికి పోకూడదు. ఖాళీని ముందే నిర్ణయించాలి. చివర్లో వదులుదాంలే అనుకుంటే, చెయ్యి వేడిమీద అది మిగలదు.

మిగతా గదుల్లో ఒక్కో గదికి ఒక్కో అల్లిక. మామిడి పిందెలు, చేప పొలుసులు, బుట్ట అల్లిక, ముత్యాల వరుస, మీ ఇష్టం. పక్కపక్క గదుల్లో రెండూ ఒత్తు అల్లికలు వద్దు. ఒకటి ఒత్తయితే రెండోది పలచన కావాలి. చారలు గీయాలనిపిస్తే సందు నాలుగు మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. ఒకచోట సన్నగా, ఒకచోట వెడల్పుగా వుంటే మరీ మంచిది.

ఒక తీగ ఇంకో తీగ కిందినుంచి పోతున్నట్టు చూపించాలంటే, కింద తీగను పై తీగకు తాకించకుండా వెంట్రుకవాసి దూరంలో ఆపండి. అవతలిపక్క మళ్ళీ మొదలుపెట్టండి. ఆ కాస్త తెలుపే పై తీగను పైకి లేపి చూపిస్తుంది. అలాగే గుండ్రటి పూసమీద గీతలు వేసేటప్పుడు మధ్యలో పెన్ను ఎత్తి, మినపగింజంత తెలుపు వదిలి, మళ్ళీ కొనసాగించండి. పూస మెరుస్తున్నట్టు వుంటుంది. ఆ మెరుపు మీ సిరాలో లేదు, మీరు వదిలిన తెలుపులో వుంది.

మధ్య మధ్య కాగితాన్ని చెయ్యిచాపు దూరంలో పట్టుకుని, కళ్ళు సగం మూసి చూడండి. అంతా ఒకే బూడిదరంగులో కనబడితే ఖాళీ చాలలేదని అర్థం. తలకిందులు చేసి కూడా చూడండి. కన్ను ఎక్కడ ఆగాలని కోరుకుంటుందో తెలుస్తుంది.

ఎంత ఖాళీ వదలాలి? నేను చెప్పే లెక్క ఉజ్జాయింపు లెక్కే. కాగితంలో మూడోవంతు ఖాళీ, మూడోవంతు పలచటి గీతలు, మూడోవంతు ఒత్తు గీతలు. సందేహం వస్తే వదిలెయ్యండి. వదిలిన ఖాళీని రేపయినా నింపుకోవచ్చు. నింపిన ఖాళీని మళ్ళీ తెచ్చుకోలేం.

సగం గీశాక ఖాళీ గదిని కూడా నింపెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది. అందరికీ పెడుతుంది. అదే అసలైన సాధన! పెన్ను కింద పెట్టి, నిదానంగా పదిసార్లు గాలి పీల్చి వదలండి. కాసిని మంచినీళ్ళు తాగండి. ఆ తర్వాత కూడా నింపాలనిపిస్తే అప్పుడు చూద్దాం. చాలాసార్లు అనిపించదు.

చేతి సంగతి కూడా మరిచిపోకండి. పెన్నును నొక్కి పట్టుకోవద్దు. మణికట్టు బల్లమీద ఆనించి, మోచేయి కదిలేలా కూర్చోండి. వెలుతురు ఎడమపక్కనుంచి పడాలి, ఎడమచేతివాటం వారికి కుడిపక్కనుంచి. వేళ్ళు తిమ్మిరెక్కినా, రాత్రిళ్ళు చెయ్యి మొద్దుబారి మెలకువ వచ్చినా గీతలు ఆపి డాక్టరుకు చూపించాలి.

ఖాళీ ప్రమాదసూచన అయినప్పుడు

ఇంతవరకు మనం కావాలని వదిలే ఖాళీ గురించి చెప్పుకున్నాం. మనకు తెలియకుండా మిగిలిపోయే ఖాళీ కూడా ఒకటుంది. దాని గురించి చెప్పకపోతే ఈ వ్యాసం రాసి ప్రయోజనం లేదు. ఇది మా ఇంట్లో జరిగింది.

2013 జనవరి. ధనుర్మాసం. మా అమ్మకు అప్పటికి డెబ్భై దాటాయి. బి.పి. వుండేది. అయినా వాకిట్లో ముగ్గు తనే వెయ్యాలి. ఆ రోజు పొద్దున నేను ఆసుపత్రికి బయలుదేరి గుమ్మం దిగుతున్నాను. ముగ్గు కుడిపక్కన మెలికలన్నీ చక్కగా వున్నాయి. ఎడమపక్క సగం ఉత్త చుక్కలే.

"ఏమిటమ్మా, సగంలో వదిలేశావు?" అన్నాను.

"అయిపోయిందిగదరా! కళ్ళు కనబడటంలేదా నీకు?" అంది నవ్వుతూ.

అమ్మ పరిహాసమాడుతోందనుకున్నాను. వయసు మీదపడింది, నడుం నొప్పేమో అనుకున్నాను. ఆ సగం ముగ్గు పక్కనుంచే నడిచి వెళ్ళిపోయాను. పళ్ళెంలో ఉప్మా ఎడమవైపు సగం అలాగే వదిలేసిందని, గుమ్మానికి ఎడమ భుజం కొట్టుకుందని మా ఇంట్లోవాళ్ళు తర్వాత చెప్పారు. మధ్యాహ్నం ఫోను వచ్చేసరికి ఎడమచెయ్యి లేవడం లేదు. సి.టి. స్కాను తీయించేసరికి సాయంత్రమైంది. మెదడు కుడిభాగంలో రక్తనాళం మూసుకుపోయింది. గడ్డను కరిగించే మందు ఇవ్వవలసిన సమయం దాటిపోయింది.

మెదడు కుడిభాగంలో, ముఖ్యంగా పెరైటల్ లోబ్ అనే ప్రాంతంలో దెబ్బ తగిలితే, కొందరికి ఎడమవైపు ప్రపంచం వుందన్న స్పృహే పోతుంది. కళ్ళు బాగానే వుంటాయి. కాని ఎడమవైపు ధ్యాస పోదు. పువ్వు గీయమంటే కుడివైపు రేకులే గీస్తారు. గడియారం గీయమంటే పన్నెండు అంకెలూ కుడివైపే ఇరికిస్తారు. అద్దంలో చూసుకుంటూ సగం గడ్డమే గీసుకుంటారు. అన్నిటికన్న ఘోరమేమిటంటే, లోపం వుందని వారికి తెలియదు. మా అమ్మ పరిహాసమాడలేదు. ఆమెకు ముగ్గు నిజంగానే పూర్తయింది.

పాతికమందికి పాఠం చెప్పే వైద్యుణ్ణి. నా వాకిట్లో వున్న రోగలక్షణం నాకు కనబడలేదు. మీరలా పొరబడకూడదనే ఇది రాస్తున్నాను.

కావాలని వదిలిన ఖాళీకి ఒక పొందిక వుంటుంది. అడిగితే "అక్కడ వదిలాను" అని గీసినవారు చెప్పగలుగుతారు. తెలియకుండా మిగిలిన ఖాళీ ఒకపక్కకే వుంటుంది. అడిగితే "ఖాళీ ఎక్కడుంది?" అంటారు. ఎప్పుడూ చక్కగా గీసేవారు, ముగ్గు వేసేవారు, రాసేవారు హఠాత్తుగా ఒకపక్క వదిలేస్తే తేలిగ్గా తీసుకోవద్దు. మూతి వంకరపోయిందా, చేతులు రెండూ ఎత్తమంటే ఒకటి జారిపోతోందా, మాట తడబడుతోందా చూడండి. ఏ ఒక్కటి వున్నా 108కి ఫోను చేసి, సి.టి. స్కాను వున్న ఆసుపత్రికి తీసుకుపొండి. ఇవేవీ కనబడకపోయినా, ఒకపక్క ధ్యాస అకస్మాత్తుగా పోతే చాలు, వెంటనే బయలుదేరాలి. గడ్డను కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. అందరికీ అది పనికిరాదు. పనికివస్తుందో లేదో తేల్చడానికైనా వేళకు చేరాలి గదా!

మరో లక్షణం దీనికి వ్యతిరేకం. నెలల తరబడి అక్షరాలు, గీతలు క్రమంగా చిన్నవైపోతూ, పేజీ చివరికి వచ్చేసరికి చీమల్లా తయారైతే, దానితోపాటు నడక మందగించినా, కూర్చున్నప్పుడు చెయ్యి వణికినా అది పార్కిన్‌సన్ జబ్బు కావచ్చు. పాత కాగితాలూ కొత్త కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మీరు నోటితో చెప్పలేనిది ఆ కాగితాలు చెబుతాయి.

కొన్ని సందేహాలు

పేజీ అంతా సందులేకుండా నింపేవారికి మానసిక వ్యాధి వుందని అర్థమా?

కాదు. 1922లో జర్మనీలో హాన్స్ ప్రిన్జ్‌హార్న్ అనే వైద్యుడు మానసిక రోగులు గీసిన బొమ్మలతో ఒక పుస్తకం ప్రచురించారు. వాటిలో అంచుదాకా కిక్కిరిసినవి కూడా వున్నాయి. అంతమాత్రాన నింపినవారంతా రోగులు కారు. బొమ్మను చూసి రోగం చెప్పేవారిని నమ్మకండి. నిద్ర బాగా తగ్గిపోవడం, మనుషులకు దూరంగా వుండడం, మితిమీరి మాట్లాడడం, అయినదానికీ కానిదానికీ ఏడవడం, చావు గురించి మాట్లాడడం వుంటే ఆలస్యం చెయ్యకుండా వైద్యుణ్ణి కలవాలి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్‌వారు ఉచితంగా సలహా చెబుతారు.

నిద్ర పట్టడానికి రాత్రిపూట గీయవచ్చా?

పది, పదిహేను నిమిషాలు గీయవచ్చు. కాగితంమీద గీయండి, ఫోనులో వద్దు. ఫోను చేతికి వస్తే గీతలతో ఆగదని మీకూ తెలుసు, నాకూ తెలుసు! మూడు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే గీతలతో సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.

చిన్నపిల్లలకు నేర్పవచ్చా?

తప్పకుండా. కాని "ఇక్కడ ఖాళీ వదిలేశావేం? నింపు!" అని వెంటపడకండి. "ఈ ఖాళీ బాగుంది, ఎందుకు వదిలావు?" అని అడగండి. వాళ్ళు చెప్పే జవాబు వినదగ్గదిగా వుంటుంది.

బి.పి.కి, షుగరుకు ఇది మందా?

ముమ్మాటికీ కాదు. మనసు కాస్త కుదుటపడుతుంది, అంతే. మాత్రలు మానెయ్యకండి.

చివరిగా రెండు మాటలు

మా అమ్మ తర్వాత ఏడాదిపాటు ఫిజియోథెరపీ చేయించుకుంది. ఎడమవైపు ధ్యాస తెప్పించడానికి కాగితం ఎడమ అంచున ఎర్రగీత ఒకటి గీసి, "ఆ గీత కనబడేదాకా చూపు పోనివ్వమ్మా" అనేవాళ్ళం. అది మేం కనిపెట్టింది కాదు, వైద్యంలో వున్న పద్ధతే. నెమ్మదిగా ఆమె గీతలు ఆ ఎర్రగీతదాకా వచ్చాయి. ఒకరోజు కాగితంమీద పెన్నుతో చిన్న ముగ్గు వేసి, ఎడమవైపు ఒక మూల ఖాళీగా వుంచింది. నాకు గుండె ఝల్లుమంది. నా ముఖం చూసి అమ్మే అంది, "అది నేను వదిలిందిరా, అక్కడ చిలకను గీద్దామని."

ఇక ఆ ఇంటర్మీడియట్ అమ్మాయి రెండు నెలల తర్వాత మళ్ళీ వచ్చింది. తలనొప్పులు బాగా తగ్గాయి. మందు ఎంత పనిచేసిందో, నిద్ర ఎంత పనిచేసిందో, ఖాళీ ఎంత పనిచేసిందో నేను విడదీసి చెప్పలేను. ఈసారి పుస్తకం తండ్రి సంచిలో లేదు. ఆమె చేతిలోనే వుంది. ఫిజిక్సు పాఠం మధ్యలో శుభ్రంగా వుంది. మార్జిన్లో ఒక తీగ, దానికి నాలుగే ఆకులు.

"మిగతాది ఏదమ్మా?" అన్నాను.

"వదిలేశాను సార్" అంది.